సభ్యులకు వార్షిక నివేదిక, 2025-26: నల్లగొండ దుకాణాల్లో పని గంటలు, జీతాలు, పండుగ సెలవులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుండి 2026 మార్చి వరకు మన సంఘం చేపట్టిన పనులను, వాటిలో నెరవేరినవాటితో పాటు నెరవేరనివాటిని కూడా, కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. ప్రకాశం బజార్‌లోని బట్టల దుకాణాల్లోనూ, క్లాక్ టవర్ చుట్టుపక్కల ఉన్న చెప్పుల, సెల్‌ఫోన్ల, మందుల దుకాణాల్లోనూ, హైదరాబాద్ రోడ్డులోని షోరూముల్లోనూ, హోటళ్లలోనూ పనిచేసే సభ్యుల నుండి ఏడాది పొడవునా వచ్చిన వినతులను తిరగేస్తే, జీతం చాలడం లేదన్న మాట కంటే ఎక్కువసార్లు కనిపించిన మాట ఒకటుంది: "రాత్రి ఎన్నింటికి ఇంటికి పోతమో, ఏ రోజు సెలవిస్తరో మాకు ముందు తెల్వదు." అందుకే ఈ ఏడాది మన శ్రమలో పెద్ద భాగం గంటలను లెక్కగట్టడానికి, సెలవులను ముందుగానే కాగితం మీద రాయించడానికి వెచ్చించాము. జీతాల పెంపు కోసం విడిగా వినతిపత్రం ఎందుకు ఇవ్వలేదని కొందరు సభ్యులు అడుగుతూ వచ్చారు. వారికి జవాబు కింది లెక్కల్లో దొరుకుతుందని భావిస్తున్నాను.

పది గంటల ఉత్తర్వు, మన గంటల లెక్క

2025 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకు పని చేయించుకోవడానికి వీలు కల్పిస్తూ ఉత్తర్వు జారీ చేసింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే కొనసాగుతుందని, అది దాటిన పనికి ఓవర్‌టైమ్ చెల్లించాలని, అన్నిటికంటే ముఖ్యంగా ఈ సడలింపు దుకాణాలకు వర్తించదని అందులో ఉంది. వాట్సాప్‌లో తిరిగిన వార్తలో మాత్రం "ఇకపై పది గంటల పని" అన్న ముక్క తప్ప మిగతాదేదీ మిగలలేదు. మూడు దుకాణాల్లో యజమానులు ఆ వార్తను సెల్‌ఫోన్‌లో చూపించి, "ఇప్పుడు సర్కారే చెప్పింది గదా" అన్నారని సభ్యులు మనకు తెలిపారు. ఉత్తర్వు ప్రతి తెప్పించుకుని, దుకాణాలను మినహాయించిన వాక్యం కింద ఎర్ర గీత గీసి, ఆ ఒక్క పేజీనే కరపత్రంగా పంచాము. సంఘం ఈ ఏడాది పెట్టిన ఖర్చులన్నిటిలో ఆ జిరాక్సుల ఖర్చే అతి తక్కువది, ఫలితమిచ్చినది కూడా అదే.

దుకాణాలకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. మన పెద్దలు దీన్ని ఇప్పటికీ గుమాస్తాల చట్టమనే పిలుస్తారు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు, వరుసగా ఐదు గంటలు దాటకుండా గంట విశ్రాంతి, అదనంగా చేసిన పనికి రెట్టింపు కూలి అన్నవి అందులోని నిబంధనలు. ఓవర్‌టైమ్ ఇస్తున్నాము గదా అని ఎంతసేపైనా నిలబెట్టడానికి వీలు లేకుండా దానికీ చట్టం పరిమితి పెట్టింది.

చీరల కౌంటర్‌లో పనిచేసే ఒక సభ్యురాలు ఆగస్టు నెలంతా తన కొడుకు పాత నోటు పుస్తకం వెనుక పేజీల్లో దుకాణంలోకి అడుగుపెట్టిన సమయం, బయటపడిన సమయం రాసుకుని మాకు తెచ్చి ఇచ్చారు. ఇరవయ్యారు రోజులకు ఇరవయ్యారు వరుసలు, ప్రతి వరుసలో దాదాపు ఒకే అంకెలు: పొద్దున తొమ్మిదిన్నర, రాత్రి తొమ్మిదిన్నర. రెండు చోట్ల మాత్రం "మడతలు" అని రాసి, బయటపడిన సమయం రాత్రి పది అని వేశారు. కొనుగోలుదారులు విప్పించి చూసి వదిలేసిన చీరలను షట్టర్ సగం దించాక మడత పెట్టే పనిని ఆ దుకాణంలో ఎవరూ పనిగా లెక్కించరు. ఆ రెండు రోజుల అరగంటలను పక్కన పెట్టి, భోజనానికి గంట తీసివేసినా, రోజుకు 11 గంటల పని తేలింది.

ఆమె నెల జీతం 12,000 రూపాయలు. దాన్ని 26 రోజులకు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 208 గంటలకు పంచితే గంటకు 57 రూపాయల 69 పైసలు వస్తాయి. రోజుకు మూడు గంటల చొప్పున నెలకు 78 గంటల అదనపు పనికి రెట్టింపు రేటు కడితే సరిగ్గా 9,000 రూపాయలు. అంటే నెలకు 21,000 రావలసిన పనికి ఆమె చేతికి 12,000 అందుతున్నది. చేసిన పనికి కూలి దక్కకపోవడాన్ని మన జిల్లాలో ఒకప్పుడు ఏ పేరుతో పిలిచేవారో పెద్దలకు నేను గుర్తు చేయనక్కరలేదు.

ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి, ఎవరి పేరూ పెట్టకుండా, నలుగురు కార్యవర్గ సభ్యులం వెళ్లి ఆ యజమాని ముందు పెట్టాము. ఆయన మొదట "బజారంతా ఇంతే ఇస్తున్నరు" అన్నారు. కాగితాన్ని రెండోసారి చదివాక కుర్చీలు వేయించారు. మూడు విడతల మాటల తరువాత ఓవర్‌టైమ్ డబ్బులు ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు గాని, సెప్టెంబరు నుండి సిబ్బందిని రెండు బ్యాచ్‌లుగా విడగొట్టారు. ఒక బ్యాచ్ తొమ్మిదిన్నరకు వచ్చి ఆరున్నరకు వెళ్తుంది, రెండోది పన్నెండున్నరకు వచ్చి తొమ్మిదిన్నరకు వెళ్తుంది. వారం వారం బ్యాచ్‌లు మారుతాయి. జీతం అంకె మారలేదు. 11 గంటలు పనిచేసినప్పుడు గంటకు 42 రూపాయలైనా పడని కూలి, ఇప్పుడు దాదాపు 58 రూపాయలైంది. పాత బకాయి వదులుకోవలసి వచ్చినందుకు కార్యవర్గంలో ఇద్దరు అసమ్మతి తెలిపారు. వారి అభ్యంతరం న్యాయమైనదేనని, దాన్ని మినిట్స్ పుస్తకంలో నమోదు చేశామని తెలియజేస్తున్నాను.

చివరి బస్సు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కనగల్, తిప్పర్తి, కట్టంగూర్ వైపు నుండి వచ్చే మహిళా సభ్యులకు 2023 డిసెంబర్ నుండి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాని తొమ్మిదిన్నరకు షట్టర్ దించే దుకాణంలో పనిచేసే మనిషికి ఊరి బస్సు దొరకనప్పుడు ఆ ఉచితం తిరుగు ప్రయాణంలో అక్కరకు రాదు, ఆటోకు చేతి డబ్బులు పెట్టుకోవలసిందే. ఊళ్ల నుండి వచ్చేవారిని పొద్దటి బ్యాచ్‌లోనే ఉంచాలని అడిగాము. రెండు దుకాణాలు ఒప్పుకున్నాయి.

పండుగ సెలవులు

ఊరంతా పండుగ చేసుకునే రోజులే మనకు గిరాకీ రోజులు. బతుకమ్మ తొమ్మిది రోజులూ చీరలు, గాజులు, చెప్పులు కొనేవారితో బజారు నిండుతుంది, ఆ చీరలు అమ్మే ఆడబిడ్డ మాత్రం తన వాడకట్టులో బతుకమ్మ పేర్చే వేళకు కౌంటర్ వెనుక నిలబడి ఉంటుంది. యజమానుల ఇబ్బంది మనకు తెలియనిది కాదు. దసరా, దీపావళి, ఆ పైన పెళ్లిళ్ల ముహూర్తాలు కలిసి సంవత్సరపు అమ్మకాల్లో పెద్ద వాటాను తెస్తాయి గనుక, ఆ వారంలో అందరూ ఒకేసారి సెలవు అడిగితే దుకాణం నడవదు. అందువల్ల "పండుగకు సెలవు ఇవ్వండి" అని అడగడం మానేసి, "ఎవరికి ఏ రోజు సెలవో నెల ముందే రాసి గోడకు అతికించండి" అని అడిగాము. ఇదే ఈ ఏడాది సంఘం తీసుకున్న నిర్ణయాల్లో ముఖ్యమైనదని నా అభిప్రాయం.

ఒక బట్టల షోరూములో ఆ పట్టిక ట్రయల్ రూమ్ పక్కనున్న గోడకు సెప్టెంబరు మొదటి వారంలోనే అతుక్కుంది. క్యాలెండర్ వెనుకవైపు తెల్ల కాగితం మీద స్కేలుతో గీసిన గడులు, నీలి సిరాతో పేర్లు. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు కొందరు, చివరి రోజైన సద్దుల నాడు కొందరు, నడుమ రోజుల్లో మిగతావారు. సద్దుల నాడు మాత్రం ఆడవాళ్లందరినీ సాయంత్రం నాలుగింటికే పంపించాలన్నది ఆ దుకాణంలోని మగ సిబ్బంది స్వయంగా ముందుకు వచ్చి పెట్టిన షరతు, ఆ పూట కౌంటర్లు వారే చూసుకున్నారు. రంజాన్ నాడు తమకు పూర్తి రోజు కావాలని అడిగిన ముస్లిం సభ్యులు దసరా ముందటి ఆదివారం పని ఒప్పుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం సిబ్బంది మధ్యనే తేలిపోయింది గనుక యజమాని దగ్గర ఎవరూ చేతులు కట్టుకుని నిలబడవలసిన అవసరం రాలేదు.

దీని వెనుక చట్టబలం కూడా ఉంది. జాతీయ, పండుగ సెలవుల చట్టం 1974 నుండి ఉన్నది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2లతో పాటు మరికొన్ని పండుగ రోజులు జీతంతో కూడిన సెలవులు. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు కూలి గాని, ఆ రోజు కూలితో పాటు బదులుగా మరో రోజు సెలవు గాని ఇవ్వాలి. దీనికి తోడు, దుకాణాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి మరుసటి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. ఇది తమకు ఉందన్న సంగతి పదేళ్లుగా పనిచేస్తున్న సభ్యులకు కూడా తెలియదని జనవరిలో జరిపిన సమావేశంలో బయటపడింది.

2025లో దసరా సరిగ్గా అక్టోబర్ 2న పడింది. గాంధీ జయంతి కావడంతో మాంసం, మద్యం దుకాణాల గురించి ఊరంతా చర్చించుకుంది గాని, రెండు సెలవులు ఒకే తేదీలో కలిసిపోయి మనకు ఒక సెలవు తగ్గిందన్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. బదులు సెలవు ఇవ్వాలని కోరుతూ రాసిన లేఖకు ఒక్క హోటల్ యజమాని మాత్రమే సానుకూలంగా స్పందించారు. డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు, ఓటు వేసి రావడానికి పూట సెలవు విషయంలో పెద్దగా ఇబ్బంది రాలేదు.

కొత్త కోడ్‌లు, పాత చిక్కులు

2025 నవంబర్ 21 నుండి నాలుగు కార్మిక కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం చేసిన కొత్త చట్టాలు, అమలులోకి వచ్చాయి. వాటిపై కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలను ఇక్కడ విస్తరించడం లేదు. మన సభ్యులు గుర్తుంచుకోవలసినవి ఇవి: నియామక పత్రం ఇవ్వాలి, నెల జీతం తరువాతి నెల ఏడో తేదీలోగా అందాలి, పని మానేసినా, మాన్పించినా లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. స్టాకు తగ్గిందని కౌంటర్‌లో ఉన్న అందరి జీతాల్లో సమానంగా కోత పెట్టే అలవాటుకు చట్టం ఒప్పుకోదు. ఆ నష్టానికి ఫలానా వ్యక్తి అజాగ్రత్తే కారణమని తేలాలి, కోతకు ముందు ఆ వ్యక్తి సంజాయిషీ వినాలి. కరువు భత్యం ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో మారుతుంది గనుక, కనీస వేతనాల పట్టికను ఆ రెండు నెలల్లో తప్పక చూసుకోవాలి.

కార్మికులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా అయిన ఈఎస్ఐ విషయంలో మనం ముందుకు సాగలేకపోయాము. పదిమంది గాని, అంతకంటే ఎక్కువ మంది గాని పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. తొమ్మిది పేర్లే రాసిన హాజరు పుస్తకాలు మన బజారులో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. పేరు లేనివారు తాము అక్కడ పనిచేస్తున్నట్లు చూపించడానికి జీతం చీటీ గాని, బ్యాంకు జమ గాని లేక ఫిర్యాదు నిలవలేదు. నగదు జీతం తీసుకునేవారు కనీసం తేదీతో సంతకం ఉన్న చీటీ అడగాలని మరోసారి కోరుతున్నాను.

ఒక పొరపాటును కూడా ఒప్పుకోవాలి. నవంబరులో ఒక హోటల్‌లో వారపు సెలవు ఇవ్వడం లేదన్న ఫిర్యాదును తొందరపడి సభ్యుని పేరుతోనే పంపాము. నాలుగో రోజున ఆయనను పనిలోనుండి తీసేశారు. ఆరు నెలలు దాటి పనిచేసినవారిని కారణం లేకుండా తొలగించాలంటే నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు గాని, నెల జీతం గాని ఇవ్వాలన్న నిబంధన చూపించి నెల జీతం ఇప్పించగలిగాము, ఉద్యోగం మాత్రం ఇప్పించలేకపోయాము. ఆ సభ్యుడు ఇప్పుడు మిర్యాలగూడలో పనిచేస్తున్నారు. ఆనాటి నుండి ప్రతి ఫిర్యాదూ సంఘం పేరుతోనే వెళ్తున్నది.

కూర్చునే హక్కు గురించి: 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలను సవరించి, సిబ్బందికి కూర్చునే వసతి కల్పించాలని చేర్చాయి. మన రాష్ట్రంలోనూ అటువంటి సవరణ తేవాలని కోరుతూ వినతిపత్రం తయారైంది, సంతకాల సేకరణ కొనసాగుతున్నది. ఈలోగా ఐదు దుకాణాల్లో స్టూళ్లు వేశారు. ఒకచోట ఆ స్టూళ్ల మీద చీరల కట్టలు పేర్చారు.

జమాఖర్చుల పట్టికను ఈ నివేదికతో విడిగా జతచేశాము. సభ్యత్వ రుసుము పెంచాలన్న ప్రతిపాదన లేదు.

2026లో దసరా అక్టోబర్ 20న వస్తున్నది, అక్టోబర్ 2 విడిగా ఉంటుంది గనుక కిందటేడు కలిసిపోయిన రెండు సెలవులు ఈసారి రెండుగానే మనకు రావాలి. శ్రావణమాసపు గిరాకీ మొదలైతే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు కాబట్టి, ప్రతి దుకాణం నుండి ఒక సభ్యుడు గాని, సభ్యురాలు గాని తమ తోటివారు కోరుకునే పండుగ సెలవు తేదీలను జూలై నెలాఖరులోగా చీటీ మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

కార్యవర్గం తరఫున,
ప్రధాన కార్యదర్శి, నల్లగొండ