డిగ్రీ పిల్లలకు ఎగుమతుల పని అప్పగించండి

సంపాదకులకు,

అయ్యా,

ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు డబ్బులిస్తే దొరుకుతున్నాయని ఈమధ్య మీ పత్రికలో చదివి చాలా బాధపడ్డాను. మన రాష్ట్రంలో మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందులో సగం కాలం కూడా లేని ఒక సెమిస్టర్‌లో నలుగురు విద్యార్థులు మా యూనిట్‌కు చేసి పెట్టిన పని చూశాక, ఆ 10 నెలలు కాగితాల మీద కరిగిపోతున్నాయంటే ప్రాణం ఉసూరుమంటోంది.

మాది రావులపాలెం దగ్గర చిన్న నిల్వ పచ్చళ్ల యూనిట్. సీజన్లో పదిమంది ఆడవాళ్లం పనిచేస్తాం. మా సరుకు విజయవాడ, హైదరాబాద్ దాకా పోతుంది. అమెరికా పంపాలని ఎప్పటినుంచో కోరిక. 2025 జనవరిలో అక్కడి ఒక విశ్వవిద్యాలయం బిజినెస్ విభాగం వాళ్లు మమ్మల్ని తమ క్లాసు పనికి ఎంచుకున్నారు. పరాయి దేశపు చిన్న వ్యాపారం తమ దేశంలో సరుకు అమ్మాలంటే ఏమేం కావాలో విద్యార్థులే తేల్చి చెప్పాలి, వాళ్ల మార్కులు దానికే. మేం రూపాయి కట్టక్కర్లేదు. అడిగిన లెక్కలు మాత్రం దాచకుండా చెప్పాలి. మా పచ్చళ్ల పాళ్లు ఎవరికీ చెప్పబోమని ముందే సంతకాలు చేసి పంపారు. ఆ నలుగురిలో ఇద్దరు అమెరికా పిల్లలు, ఒకబ్బాయిది కొలంబియా, ఒకమ్మాయిది మన ఖమ్మం.

ఏప్రిల్ చివర్లో ఆవకాయ కలిపే రోజు వాళ్లు వీడియోలో కూర్చున్నారు. ఇక్కడ పొద్దున, అక్కడ అర్ధరాత్రి. మేం సోలతో, తవ్వతో కొలిచి పోసేవాళ్లం. వాళ్లకేమో గ్రాముల్లో కావాలి, ఎందుకంటే డబ్బా మీద చెంచాకు ఉప్పెంతో, కొవ్వెంతో అచ్చు వేయాలి. కాటా తెచ్చి పెట్టాం. ఒకావిడ పోసిన సోలెడు కారం, ఇంకొకావిడ పోసిన సోలెడు కారం కాటా మీద ఒకటి కాలేదు. ఒకరిది గోపురంలా ఉంది, ఒకరిది అంచుకు తట్టి చదును చేసింది. ఖమ్మం అమ్మాయి “ఆంటీ, అన్నీ అలాగే తూచండి, ఏదీ సర్దొద్దు, ఉన్నదున్నట్టు రాసుకుంటాం” అంది. ముక్కలు, ఉప్పు, ఆవపిండి, మెంతులు, నూనె అన్నీ తూచే సరికి పన్నెండైంది. అంతసేపూ వాళ్లు నిద్ర ఆపుకుని కూర్చున్నారు. అప్పటినుంచి మా షెడ్డులో కాటా లేకుండా ఏదీ కలపడం లేదు.

మా ఆవకాయకు నువ్వుల నూనే వాడతాం. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు కూడా అలర్జీ కలిగించే ముఖ్య పదార్థాల జాబితాలో చేరాయి, కాబట్టి లేబుల్ మీద స్పష్టంగా చెప్పాలి. కెనడాకు పంపితే ఆవాల సంగతీ చెప్పాలి, పైగా లేబుల్ ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ ఉండాలి. ఆవపిండి లేని ఆవకాయ ఉంటుందా! అయినా ఈ విషయం మాకు అంతవరకూ ఏ ఏజెంటూ చెప్పలేదు.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది అల్లం పచ్చడి సంగతి. మామిడికాయ తనంతట తనే పులుపు. అల్లం అలా కాదు, దానికి చింతపండు పులుపు మనం చేరుస్తాం. నాలుక్కి రెండూ పుల్లని పచ్చళ్లే గానీ, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దృష్టిలో ఈ రెండూ వేరు. పులుపు లేని పదార్థానికి బయటినుంచి పులుపు కలిపి పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 4.6కు గానీ అంతకంటే కిందికి గానీ తెస్తే దానికి విడిగా నిబంధనలున్నాయి. అందులో సూక్ష్మజీవులు పెరగడానికి అందే నీరు ఏ మేరకు ఉందో కూడా చూస్తారు, దాన్ని వాటర్ యాక్టివిటీ అంటారు. ఆ వర్గంలోకి వస్తే తయారీ పద్ధతి మొత్తం వాళ్ల దగ్గర దాఖలు చేయాలి. ప్రాణాంతకమైన బొట్యులినమ్ విషం పుట్టకుండా చూసుకోవడానికే ఇదంతా. విద్యార్థులు తేల్చింది ఇదీ: ఆవకాయ, మాగాయలతో మొదలుపెట్టండి, అల్లాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించేదాకా పంపకండి.

ఇదే సమయంలో ఒక ఏజెంటు మాకు “ఎఫ్‌డీఏ సర్టిఫికెట్” ఇప్పిస్తానని అరవై వేలు అడిగాడు. పిల్లలు నిబంధన చూపించారు. ఆహార యూనిట్ రిజిస్ట్రేషన్‌కు ఎఫ్‌డీఏ ఫీజే తీసుకోదు, సర్టిఫికెట్ అంటూ ఏదీ ఇవ్వదు. అమెరికాలో మన తరఫున ఒక ప్రతినిధి మాత్రం ఉండాలి. సరి సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు లోపు రెన్యువల్ చేసుకోవాలి, 2026లో ఆ గడువు ఉంది, తోటి పచ్చళ్లవాళ్లు గుర్తుంచుకోండి. దానికీ ఫీజు లేదు.

పిల్లలు అక్కడి ఇండియన్ కిరాణా షాపులన్నీ తిరిగి, ఏ అరలో ఏ సీసా ఉంది, ఎంత బరువు, ఎంత ధర అని ఫొటోలతో పంపారు. తెలుగువాళ్ల ఇళ్లలో అడిగితే చాలామందికి ఇంటినుంచి సూట్‌కేసులో వచ్చే పచ్చడి ఉందట. అక్కడికొచ్చి ఒంటరిగా ఉండే కుర్రాళ్లు, పచ్చడి రుచి తెలిసిన మిగతా భారతీయులు కొంటున్నారట. “తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కేసి అమ్మకం లెక్క కట్టకండి” అని నివేదికలో రాశారు. నాకు ఆ మాట కాస్త చివుక్కుమనిపించినా నిజం అదే.

ఒక్క విషయంలో వాళ్లతో నేను ఒప్పుకోలేదు. ఉప్పు తగ్గించండి, అక్కడివాళ్లకు ఎక్కువైపోతుంది అన్నారు. ఉప్పు తగ్గితే ఊట చెడుతుంది, బూజు పడుతుంది. సీసా చిన్నది చేస్తాను గానీ ఉప్పు తగ్గించనన్నాను. చివరికి నివేదికలో నా మాటే పెట్టారు, కారణంతో సహా.

చిన్న కొరియర్ పార్సిళ్ల మీద ఆధారపడొద్దని కూడా గట్టిగా చెప్పారు. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదనే మినహాయింపు అప్పటికే చైనాకు తీసేస్తున్నారు, రేపు అందరికీ తీసేయవచ్చన్నారు. అదే ఏడాది ఆగస్టు 29న అన్ని దేశాలకూ తీసేశారు. మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్ల బుకింగ్ దాదాపు ఆపేసి, అక్టోబరు 15న గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. పిల్లల మాట విని మేం ముందే పార్సిళ్ల కోసం డబ్బాలు అచ్చు వేయించలేదు. ఏజెంటుకు సరుకు కదిలితేనే కమీషన్. ఆ పిల్లలకు మా సరుకు కదిలినా కదలకపోయినా ఒకటే, అందుకే “ఇప్పుడే వద్దు” అని చెప్పగలిగారు. నేను చదువుకున్నవాళ్ల దగ్గర విన్న అత్యంత విలువైన సలహా అది.

లోపం లేదని అనను. మే నెలలో సెమిస్టర్ అయిపోగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన సందేహాలకు జవాబు చెప్పేవాళ్లు లేరు. ఫైలు చేతులు మారేలా బాధ్యత ప్రొఫెసర్ దగ్గరే ఉండాలి, వచ్చే బ్యాచ్ అక్కడినుంచే అందుకోవాలి.

ఇదంతా మనదగ్గర ఎందుకు కాదు? వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. కాకినాడలో 2022 నుంచి ఐఐఎఫ్‌టీ క్యాంపస్ నడుస్తోంది, విదేశీ వాణిజ్యమే వాళ్ల చదువు. రాజమహేంద్రవరంలో నన్నయ విశ్వవిద్యాలయం కింద ఎన్నో డిగ్రీ కాలేజీలున్నాయి. పీహెచ్ కొలిచేవాళ్లు ఒకచోట, సుంకాలు చదివేవాళ్లు ఒకచోట, ఇంటర్న్‌షిప్ కోసం తిరిగే పిల్లలు ఇంకోచోట ఉన్నారు. వీళ్లలో ఒక్కొక్కరిని కలిపి నలుగురి బృందంగా ఒక యూనిట్‌కు ఆరు నెలలు కేటాయిస్తే చాలు. పాసయ్యారా లేదా అన్నది యూనిట్ చేతికొచ్చిన నివేదికను బట్టి ఉండాలి, కాలేజీకి చేరిన సర్టిఫికెట్‌ను బట్టి కాదు.

ఇదే పని ఎదురు దిశలోనూ చేయొచ్చు. శ్రీలంకలో దాల్చిన చెక్క అమ్మే చిన్న కుటుంబం హైదరాబాద్‌లో అమ్మాలనుకుంటే మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం లేబుల్ ఎలా ఉండాలో, శాకాహారమని ఆకుపచ్చ గుర్తు ఎక్కడ వేయాలో, బేగంబజార్‌లో ఎవరిని కలవాలో వాళ్లకెవరు చెబుతారు? మన పిల్లలు చెప్పాలి. మా కోసం రాత్రంతా మేలుకున్న కొలంబియా అబ్బాయి లాగా, మన పిల్లలు కూడా ఎక్కడో ఒక చిన్న షెడ్డు కోసం మేలుకుంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

ఉన్నత విద్యామండలి పెద్దలు ఈ ఉత్తరం చూస్తే ఒక విన్నపం. మా యూనిట్‌కు నలుగురిని పంపండి. భోజనం, బస మేం చూసుకుంటాం, దారి ఖర్చులూ ఇస్తాం. అల్లం పచ్చడి ల్యాబ్ పరీక్షలు ఇంకా మిగిలే ఉన్నాయి, పని అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
నిల్వ పచ్చళ్ల యూనిట్ నిర్వాహకురాలు,
రావులపాలెం, కోనసీమ జిల్లా