సున్నాపల్లి రేవులో ఏటా ఒక సంబరం చేద్దాం

సంపాదకులు గారికి నమస్కారం.

2022 మే నెలలో, అసని తుపాను రోజుల్లో, సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకు బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. మత్స్యకారులు తాళ్లు కట్టి దాన్ని ఒడ్డుకు లాగారు. నేను మా మేనల్లుడి బండి వెనకాల కూర్చుని చూడ్డానికి వెళ్లాను. అంచెలంచెలుగా పైకి లేచిన బౌద్ధ మందిరం ఆకారం, బంగారు రంగు మీద తెల్లగా ఉప్పు చారలు. ఒక ముసలావిడ చెప్పులు దూరంగా విడిచి వచ్చి దణ్ణం పెట్టుకుంది. ‘ఇది ఏ దేశంది మామ్మా?’ అని పక్కనున్న కుర్రాడు అడిగితే, ‘ఏ దేశందైతే ఏటి బాబూ, మన రేవుకొచ్చీసింది కదా’ అంది. మయన్మార్ వైపు నుంచి వచ్చి ఉంటుందని అప్పట్లో అందరూ అనుకున్నారు.

మొన్న మా వీధి పిల్లల్ని ఆ రథం సంగతి అడిగాను. ఇద్దరికే గుర్తుంది. ఆ జ్ఞాపకం పోకుండా ఏటా మే నెలలో ఆ రేవులో ఒక సంబరం చేద్దామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో కెక్స్‌బర్గ్ అనే చిన్న పల్లె ఉంది. 1965 డిసెంబరు 9 సాయంత్రం ఆకాశంలో ఒక నిప్పు బంతి దూసుకుపోవడం చాలా రాష్ట్రాల వాళ్లు చూశారు. అది తమ ఊరి అడవిలోనే పడిందని కెక్స్‌బర్గ్ వాళ్లలో కొందరన్నారు. సైన్యం వచ్చి వెతికి, ఏమీ దొరకలేదని చెప్పింది. ఉల్క అని కొందరు, సోవియట్ అంతరిక్ష నౌక శకలమని కొందరు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1990లో ఒక టీవీ కార్యక్రమం కోసం ఆ వస్తువుకు నమూనా చేశారు. ఊరివాళ్లు దాన్ని పారేయకుండా ఫైర్ స్టేషన్ దగ్గర నిలబెట్టుకున్నారు. ఇప్పుడు ఏటా యూఎఫ్‌ఓ (ఆకాశంలో ఎగిరే గుర్తు తెలియని వస్తువు) పండుగ జరుపుతారు. జీతం లేకుండా మంటలార్పే ఊరి వాలంటీర్ల ఫైర్ స్టేషన్‌కు ఆ పండుగ మీద నాలుగు డబ్బులొస్తాయి. అదే 1965 సెప్టెంబరులో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఎక్సెటర్ పట్టణం దగ్గర ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు, తర్వాత ఇద్దరు పోలీసులు ఆకాశంలో ఎర్రని లైట్లు చూశారు. అక్కడా పండుగ మొదలైంది. ఆ డబ్బు పిల్లల సేవా కార్యక్రమాలకు పోతుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఆరెగన్ రాష్ట్రంలోని మెక్‌మిన్‌విల్ కథ. 1950 మేలో ఒక రైతు దంపతులు పొలం దగ్గర ఆకాశంలో పళ్లెంలాంటి వస్తువు కనిపించిందని రెండు ఫొటోలు తీశారు. వాటిని జూన్ 8న ముందుగా అచ్చువేసింది ఊరి పత్రికే. ఆ ఫొటోలు నిజమా కాదా అన్నది తేలకపోయినా, యాభై ఏళ్లు నిండే వేళకు అక్కడ ఒక హోటల్ వాళ్లు ఉత్సవం మొదలుపెట్టారు. స్థానిక పత్రిక అచ్చు వేయకపోతే ఆ ఊరికి ఆ పండుగే ఉండేది కాదు. అందుకే ఈ సంగతి మీకు రాస్తున్నాను.

ఇలాంటివి మనకు కొత్తేమీ కాదు. విజయనగరంలో చెరువులో దొరికిన విగ్రహమే పైడితల్లి అమ్మవారని చెప్పుకుంటాం, ఏటా సిరిమాను ఎత్తుతాం. ఊరి దాకా వచ్చినదాన్ని వదులుకోకపోవడం ఉత్తరాంధ్ర గుణం.

మూఢనమ్మకాన్ని పెంచుతామా అని కొందరు మిత్రులు అడిగారు. నేను ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఆ భయం నాకూ ఉంది. అందుకే రేవులో ఒక బోర్డు పెట్టి, ఏది తెలుసో, ఏది తెలియదో రెండూ రాయాలంటున్నాను. రథం వచ్చిన 2022లోనే ఏప్రిల్ 2న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఆకాశం నుంచి పెద్ద లోహపు చక్రం పడింది. అది చైనా రాకెట్ ముక్క అయి ఉంటుందన్నారు. అలాంటివి ఎందుకు పడతాయో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది? సముద్రంలో తెలియని డ్రమ్మో, పెట్టో కనిపిస్తే చెయ్యి పెట్టకుండా తీర భద్రత పోలీసుల నంబరు 1093కు ఫోన్ చేయాలని మత్స్యకారులకు అక్కడే చెప్పొచ్చు.

మే నెలే ఎందుకంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, ఇళ్లలో రాబడి ఉండదు. ఆ రోజుల్లో రేవుకు నలుగురూ వస్తే ఆడవాళ్లు అమ్మే ఎండు చేపలకు, టీ కొట్లకు కాస్త బేరం తగులుతుంది. పిల్లలకూ సెలవులే. సాయంత్రం తప్పెటగుళ్లు ఆడించి, రాత్రి తొమ్మిది దాటాక టెలిస్కోపు పెడితే, ఆగ్నేయాన సముద్రం మీదికి లేచే వృశ్చికం, అందులో ఎర్రగా మెరిసే జ్యేష్ఠా నక్షత్రం చూపించొచ్చు. అమావాస్యకు దగ్గరి రోజు చూసుకోవాలి. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం వాయిదా వేయాలి, అందులో మొహమాటం పనికిరాదు.

దీనికి పెద్ద ఖర్చు లేదు. బోర్డు పంచాయతీ పెట్టగలదు, టెలిస్కోపు ఏదైనా కాలేజీ తేగలదు. జిల్లా పర్యాటక అధికారులు తాగునీళ్లు, మరుగుదొడ్లు, తిరిగి వెళ్లడానికి రాత్రి బస్సు చూస్తే చాలు. తాళ్లు పట్టి రథాన్ని లాగినవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. తొలి సాయంత్రం మైకు వాళ్ల చేతికివ్వాలని నా కోరిక. మీ విలేకరిని పంపి వాళ్ల మాటలు ఇప్పుడే అచ్చు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా