డిసెంబరు బుకింగుల్లో నాలుగు గదులు తగ్గించాం, కారణం ఇదీ

నమస్కారం. మాది కుక్కల బోర్డింగ్. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ నుంచి వచ్చి కుక్కల్ని మా దగ్గర వదిలి ఇండియా వెళ్లే కుటుంబాలకు ఈ మాట ముందే చెప్పాలి. ఈ డిసెంబరు, జనవరి సెలవులకు నాలుగు గదులు బుకింగ్‌కి ఇవ్వడం లేదు. ఇప్పటికే ఖరారైనవాళ్లకు ఏ మార్పూ లేదు, రేటూ పెరగలేదు. వెయిటింగ్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఇంకోచోట చూసుకోండి. ఆఖరి వారంలో ఖాళీ అవుతుందని ఆశ పెట్టలేం.

ఆ గదుల్లో ఉన్నవి ఇమిగ్రేషన్ వాళ్లు పట్టుకెళ్లినవాళ్ల కుక్కలు, ఇప్పటికే డిపోర్ట్ అయినవాళ్ల కుక్కలు. ఎక్కువగా మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్ వాళ్లవి. వీసా పోయి హడావుడిగా వెళ్లిపోయిన మన పిల్లలవీ ఉన్నాయి.

పనికి వెళ్లే దారిలో మనిషిని పట్టుకుంటే కుక్క అపార్ట్‌మెంట్‌లో ఉండిపోతుంది. మేనేజరు యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేస్తాడు, వాళ్లు సిటీ షెల్టర్‌కి చేరుస్తారు. అక్కడ యజమాని కోసం ఆపి ఉంచేది కొద్ది రోజులే. గడువు దాటితే దాన్ని ఎవరికివ్వాలో షెల్టరే నిర్ణయిస్తుంది. ఆలోగా యజమానిని అడగడమూ కష్టమే. డిటెన్షన్‌లో ఉన్న మనిషికి బయటి నుంచి ఫోన్ కలవదు, అతనే చేయాలి. అతను ఎక్కడున్నాడో ఇమిగ్రేషన్ వాళ్ల ఆన్‌లైన్ లొకేటర్‌లో వెతకాలంటే ఏ-నంబరు (ఇమిగ్రేషన్ ఫైలు నంబరు), పుట్టిన దేశం కావాలి. పేరుతో వెతికితే అక్షరం తేడా వచ్చినా దొరకదు, రెండు ఇంటిపేర్లున్న స్పానిష్ పేర్లతో ఇదే పెద్ద చిక్కు.

"మంచి ఇల్లు చూసి ఇచ్చేయొచ్చు కదా" అని మీలో చాలామంది అడిగారు. ఈ ఏడాది మమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న అదే. ఇచ్చేస్తే గది ఖాళీ అవుతుంది, కుక్కకీ మంచిదేమో. నెలల తరబడి బోనులో ఉంటే బరువు తగ్గుతాయి, పాదాలు నాకి నాకి పుండు చేసుకుంటాయి, అది నిజమే. అయినా యజమాని సంతకం లేకుండా శాశ్వతంగా ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించాం. కేసు తేలడానికి ఎంతకాలం పట్టినా సరే. మనిషి దేశంలో లేడు గనక కుక్క మీద హక్కు పోయినట్టే అంటే మేం ఒప్పుకోం. అతను "నాకిక కుదరదు" అని రాసిస్తే ఆ రోజే కొత్త ఇల్లు వెతుకుతాం. అప్పటిదాకా ఫాస్టర్ మాత్రమే, అంటే ఎవరింట్లోనైనా తాత్కాలికంగా ఉంచడం: కుక్క చర్మం కింద ఉండే గుర్తింపు చిప్ రిజిస్ట్రేషన్‌లో మొదటి పేరు యజమానిదే, రెండో కాంటాక్టుగా ఫాస్టర్ ఇంటివాళ్లు. "మీ ధర్మసత్రం ఖర్చు మా బిల్లులో వేస్తున్నారు" అని ఒకరు అన్నారు, బాగా నొచ్చుకున్నాం. ఈ కుక్కల లెక్క వేరే పుస్తకంలో ఉంది, అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

అసలు నాలుగు గదులదాకా రావడానికి కారణం రవాణా ఏజెంటు. ఇండియాకి వెళ్లాల్సిన కుక్కల పని ఏప్రిల్‌లో అతనికి అప్పగించాం. క్రేట్ (కుక్కని పెట్టి పంపే పెట్టె) కొలతలు రాతపూర్వకంగా ఇచ్చాం. ముక్కు నుంచి తోక మొదలుదాకా ఉన్న పొడవుకి, నేల నుంచి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు. లాబ్రడార్ కుక్క 36 అంగుళాల పొడవుండి మోచేయి 14 దగ్గరుంటే, క్రేట్ 43 అంగుళాలు ఉండాలి. వెడల్పు భుజాల వెడల్పుకి రెట్టింపు. ఎత్తు, కుక్క నిలబడితే తల తగలకుండా, అడుగున వేసే పరుపు మందం కూడా కలుపుకుని. తలుపు లోహపుది, రెండు భాగాల్ని బిగించేవి ఇనుప బోల్టులు. అతను పంపినవి ప్లాస్టిక్ క్లిప్పులవి, ఎత్తు నాలుగు అంగుళాలు తక్కువ. కార్గో కౌంటర్‌లో వెనక్కి పంపేశారు. ఈలోగా యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ముద్ర వేసిన హెల్త్ సర్టిఫికెట్ గడువు ముగిసింది. మళ్లీ వెట్, మళ్లీ ముద్ర అయ్యేసరికి మే వచ్చేసింది. ఉష్ణోగ్రత 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చాలా ఎయిర్‌లైన్లు జంతువుల్ని కార్గోలో ఎక్కించుకోవు, డాలస్‌లో వేసవి అంతా అంతే. పొట్టి మూతి జాతులైతే చల్లటి రోజుల్లోనూ కష్టమే. అడ్వాన్సు తిరిగివ్వమంటే "కొలతలు చూసుకోవాల్సింది మీరే" అన్నాడు. మేం పంపిన ఈమెయిల్‌లో ఆ కొలతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇకమీదట క్రేట్లు మేమే కొని, మేమే బోల్టులు బిగిస్తాం.

మెక్సికో దారి సులువు. అమెరికా నుంచి వెళ్లే కుక్కలకు 2019 డిసెంబరు నుంచి హెల్త్ సర్టిఫికెట్ అడగడం లేదు. టెక్సస్ సరిహద్దులోని లారెడో దాకా రోడ్డు మీద తీసుకెళ్లి అప్పగించవచ్చు. సరిహద్దులో తనిఖీ ఉంటుంది గనక క్రేట్ శుభ్రంగా ఉండాలి, ఒంటి మీద ఒక్క పిడుదు కూడా ఉండకూడదు, తిండి ఆ రోజుకి సరిపడా మాత్రమే. ఇండియాకి యానిమల్ క్వారంటైన్ వాళ్ల ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ముందే రావాలి, దిగేది హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో ఒకచోట. రేబిస్ టీకా వేసి నెల దాటి ఉండాలి, ఏడాది దాటకూడదు.

మీ కుక్కల ఆరోగ్యం గురించి భయపడేవాళ్లకు: కొత్తగా వచ్చినవి 14 రోజులు విడి గాలి, విడి కాలువ ఉన్న గదిలోనే ఉంటాయి. హార్ట్‌వార్మ్ (దోమల వల్ల సోకే గుండె పురుగు) పరీక్ష, కుక్క వచ్చిన రోజున ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి. కొత్తగా సోకినది మొదటి పరీక్షలో కనబడదు.

ఫాస్టర్‌కి తీసుకునేవాళ్లు కావాలి. మొదటి రెండు వారాలు ఇంటి పెరట్లో కూడా తాడు లేకుండా వదలకూడదు, ఇవి పాత ఇల్లు వెతుక్కుంటూ కంచె దూకుతాయి. తలలోంచి జారని మార్టింగేల్ మెడపట్టీ మేమే ఇస్తాం. పాత తిండి నుంచి కొత్త తిండికి పది రోజుల్లో మెల్లగా మార్చాలి. ప్రతి కుక్కతో అది వినే మాటల చీటీ ఉంటుంది. ఒక ఇండీ (మన ఊరి నాటు జాతి) కుక్కకి "కూర్చో", "ఇటు రా" తప్ప ఇంకేమీ తెలియదు, దానికి తెలుగు ఇల్లే కావాలి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఒక మాట: ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. కుక్క బాధ్యత ఎవరిదో నోటరీ చేయించిన కాగితం ఒకటి, చిప్ నంబరు, టీకా కాగితాల ఫొటోలు మీకు నమ్మకమైన ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఆ ఇద్దరిలో ఒకరు గ్రీన్‌కార్డు గానీ పౌరసత్వం గానీ ఉన్నవాళ్లైతే మేలు. వాళ్ల పేర్లు వెట్ దగ్గరా లీజ్ ఆఫీసులోనూ రాయించండి. మా దగ్గరున్న ఫారం ఉచితం, కౌంటర్‌లో అడగండి.