పురుగుమందు కొట్టిన చొక్కా ఉతికేదెవరు? వ్యవసాయ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

మాది పల్నాడులో మిరప పండించే ఊరు. నాన్న చేలో పురుగుమందు కొట్టి వచ్చిన రోజు అమ్మ ఆయన చొక్కా, లుంగీ, తలగుడ్డ విడిగా బకెట్‌లో వేసేది. జాగ్రత్త కోసం అనుకునేరు, వాసన భరించలేక. తర్వాత అందులోనే వట్టి చేతులు పెట్టి రుద్దేది. రాత్రికి అరచేతులు మండితే కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. సబ్బు పడలేదేమో అనుకున్నాం.

1971 నాటి పురుగుమందుల నియమాలు ఈమధ్య చదివాను. మందు తయారీ, రవాణా, పంపిణీ, పిచికారీ పనుల్లో ఉన్నవాళ్లకి రక్షణ దుస్తులు ఉండాలట. వాడిన ప్రతిసారీ విషం పోయేలా ఉతకడానికి వీలుగా కూడా ఉండాలట. ఎవరు ఉతకాలో మాత్రం లేదు. మన ఇళ్లలో బట్టలు వాటంతటవే ఉతుక్కుంటాయి కదా!

లెక్కలోకి వచ్చేది వీపున ట్యాంకు ఉన్న మగమనిషే. మా వైపు డ్రమ్ములోకి నీళ్లు మోసేది, మూతతో కొలిచి కర్రతో కలిపేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. మర్నాడు అదే చేలో కలుపుకో, కోతకో దిగేదీ వాళ్లే. నిన్న ఏం కొట్టారో కూలికి వచ్చినామెకి ఎవరు చెప్తారు? డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అత్యంత విషమని గుర్తు. ఆమె చూసేసరికి ఆ డబ్బా ఖాళీగా గట్టున పడుంటుంది. కడుపుతో ఉన్నవాళ్లూ ఆ సాళ్లలోనే వంగుతారు. కళ్లు తిరుగుతున్నాయని ఆసుపత్రికి వెళ్తే రక్తం తక్కువుందని మాత్రలిచ్చి పంపారు మా పిన్నిని. చేలో మందు కొట్టారా అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగమని ఆరోగ్య శాఖకి మీరు చెప్పలేరా?

మీ రైతు సేవా కేంద్రంలో మందుల మీద మీటింగ్ పెడితే మా ఊళ్లో పాసుపుస్తకం ఉన్నవాళ్లకే కబురు. అదీ పొద్దున, కూలీలంతా చేలో ఉండే వేళ. సాయంత్రం పెట్టండి, కోత ముఠాలను పిలవండి. కొట్టిన చేను గట్టున ఎర్రగుడ్డ కట్టి, ఎన్ని రోజులు దిగకూడదో రాయించండి. మందుతో పాటు గ్లౌజులు రెండు జతలు ఇప్పించండి: ఒకటి కొట్టేవాళ్లకి, ఒకటి ఉతికేవాళ్లకి.

సైజు కూడా చూడండి. మొన్న షాపులో ఒక్కటే సైజు ఉంటే కొని అమ్మ చేతికి తొడిగాను. వేళ్ల చివర అంగుళం మేర ఖాళీగా వేలాడింది. తీసి పక్కన పెట్టి, మళ్లీ వట్టి చేతులతోనే బకెట్ ముందు కూర్చుంది.

ఇట్లు,
ఒక మిరప రైతు కూతురు,
పల్నాడు జిల్లా