ఫొటో చూసి తెల్లదోమను తేల్చలేరు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పత్తిలో తెల్లదోమ గురించి వచ్చిన వార్త చదివాను. రైతులు పురుగేదో గుర్తుపట్టకుండానే మందులు కొడుతున్నారట, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఏ మందు కొట్టాలో చెప్తారట. తప్పు రైతు మీద నెట్టడం మాకు కొత్త కాదు గానీ, ఈ మాట సైన్సు ముందు కూడా నిలవదు.

మనం తెల్లదోమ అనే బెమీసియా టబాకీ ఒకే జాతి కాదు. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే 30కి పైగా జాతులు ఆ ఒక్క పేరు కింద ఉన్నాయని శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. రెక్కల దోమను మైక్రోస్కోపు కింద పెట్టినా తేడా దొరకదు, డీఎన్‌ఏ పరీక్ష చెయ్యాల్సిందే. ఒకదాన్ని చంపిన మందు ఇంకోదాన్ని చంపకపోవచ్చు. టమాటాలో ఆకుముడత లాంటి వైరస్‌లు మోయడంలోనూ అన్నీ ఒకటి కావు. 1999లో కోలారు టమాటా తోటల్లో బయటపడ్డ ‘బి’ రకం తెల్లదోమ కూడా కంటికి మన పాత తెల్లదోమ లాగే ఉంటుంది. మరి సెల్‌ఫోన్ ఫొటోలో ఏం చూసి మందు పేరు చెప్తారు?

పోయినేడు మా దగ్గర ఎన్నిసార్లు కొట్టినా తెల్లదోమ తగ్గలేదు. ఆకులు జిగురెక్కి మసిబారాయి. ఆ పురుగును పట్టి పరీక్షకు పంపిన వాళ్లు ఒక్కరు లేరు. షాపులో ఏ డబ్బా ఇస్తే అదే తెచ్చుకున్నాం, అప్పు మాత్రం మా ఖాతాలో పడింది. ఏఈఓలను (వ్యవసాయ విస్తరణ అధికారులను) అని లాభం లేదు. ఒక్కొక్కరికి 5,000 ఎకరాల లెక్కన క్లస్టర్ అప్పజెప్పి, పైగా సర్వేలు, పంటల నమోదు, మీటింగులు నెత్తిన పెడితే చేను ఎప్పుడు చూస్తారు?

మలేరియా మోసే అనాఫిలస్ క్యులిసిఫేసిస్ దోమలో ఒకేలా కనిపించే ఐదు జాతులున్నాయని, అందులో ‘బి’ అనే దోమ జాతి మలేరియాను పెద్దగా మోయదని మన దేశంలోనే కనిపెట్టారు. దోమకు చేసిన పని పత్తి పురుగుకు చెయ్యలేరా?

వానాకాలం పంట అయిపోకముందే పట్టిన పురుగులు పాడవకుండా వేసి ఉంచేందుకు ప్రతి క్లస్టర్‌కు స్పిరిట్ సీసాలు ఇవ్వాలి. వాటిని కంపాసాగర్, పాలెం వ్యవసాయ పరిశోధన స్థానాల ద్వారా డీఎన్‌ఏ పరీక్షకు పంపాలి. ఏ మండలంలో ఏ జాతి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో మీ జిల్లా పేజీలోనే వేయించండి.

– ఒక పత్తి రైతు, నల్లగొండ జిల్లా