స్క్రాప్ అన్న మిషన్‌ను నిలబెట్టిన పెద్దాయనకు

నాన్న వెల్డింగ్ మిషన్ నిన్న సాయంత్రం మళ్లీ పనిచేసింది. ఒళ్లంతా పులిసిపోయింది, కళ్లు మండుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. ఆ పెద్దాయన తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు. అందుకే పేరు లేకుండానే దండం పెడుతున్నాను.

నాన్న పోయాక షెడ్డు నేను చూసుకుంటున్నాను. అది పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్, కదపాలంటేనే నలుగురు కావాలి. వచ్చిన మెకానిక్కులందరూ మూత తీసి, టెర్మినళ్లకు తమ వైరు తగిలించి, సింగిల్ ఫేజ్ ఇచ్చి చూశారు. రాడ్ ఇనుముకు అతుక్కుపోవడమే తప్ప ఆర్క్, అంటే ఇనుమును కరిగించే ఆ మెరుపు, నిలబడలేదు. "వైండింగ్ (లోపలి తీగ చుట్లు) పోయిందండీ, తూకానికి వేసేయండి" అన్నారు. నాన్న చేతిలో అన్నేళ్లు నడిచిన మిషన్‌ను తూకానికి వేయమంటే ఏమనాలో తెలియలేదు.

సరే, కొత్తది కొంటే లోడ్ పెంచుకోవాలి కదా అని కరెంటు ఆఫీసుకి వెళ్లాను. ఫారంలో ఏం నింపాలో తెలియక ఫోన్‌లో పాత మిషన్ ఫోటో చూసుకుంటున్నాను. వెనక నిలబడిన పెద్దాయన అడిగి మరీ ఫోన్ తీసుకుని చూశారు. మోటారు వైండింగ్ పని చేసి మానేశారట. "వోల్టేజి వివరాలుండే ప్లేటు మీద రంగు పూసేశారే. అది చదవకుండా పోయిందని ఎలా చెప్పారు తల్లీ?" అన్నారు. తన పని అయ్యాక కూడా ఇంటికి వెళ్లలేదు, నాతోపాటు షెడ్డుకే వచ్చారు.

గుడ్డకు థిన్నర్ అద్ది, ప్లేటు మీద రంగు కొంచెం కొంచెంగా తుడిచారు. నేను ఎమ్రీ కాగితం ఇవ్వబోతే, రంగుతోపాటు అంకెలూ పోతాయని వద్దన్నారు. ముందు మిషన్ సామర్థ్యం 16 కేవీఏ, తర్వాత 415 వోల్టులు బయటపడ్డాయి. అంటే ఇది రెండు ఫేజుల మధ్య కలపాల్సిన మిషన్. అందరూ ఇచ్చింది ఫేజు, న్యూట్రల్ మధ్య ఉండే 230. అదే 230 మీద మళ్లీ ఆన్ చేయించి రాడ్ పట్టుకునే హోల్డర్‌కూ ఇనుముకు తగిలించే క్లాంపుకూ మధ్య మల్టీమీటరు పెట్టారు. 43 వోల్టులు చూపించింది. ఆ మాత్రానికి ఆర్క్ ఎక్కడ నిలబడుతుంది? ఇవ్వాల్సినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ ఇచ్చారు, రావాల్సినదాంట్లో వచ్చిందీ అంతే. "లెక్క ప్రకారం సరిగ్గా ఇస్తోంది. మిషన్‌కి ఏమీ కాలేదు. మీ నాన్నగారు బాగా చూసుకున్నారు" అన్నారు. అక్కడే ఏడ్చేశాను. ఆయన ఏమీ అనకుండా టెర్మినల్ బోర్డు మీద ఇత్తడి నట్లు తుడుస్తూ కూర్చున్నారు.

దీనికి తిరగేసి చేస్తే ఇంకా ప్రమాదమట. 230 మిషన్‌కి 415 ఇస్తే లోపలి ఇనుప కోర్ అంత అయస్కాంతాన్ని మోయలేక (సాచురేట్ అయి) విపరీతంగా కరెంటు లాగి నిజంగానే వైండింగ్ కాలిపోతుంది. ప్లేటు చదవకుండా స్విచ్ ముట్టుకోవద్దని ఆయన అన్నన్నిసార్లు అన్నది అందుకే.

ఆ తర్వాత పాత కేబుల్ చూశారు. పచ్చ వైరుకూ బాడీకీ మధ్య మీటరు పలకలేదు. పచ్చ వైరుకూ వైండింగుకూ మధ్య పెడితే బీప్ కొట్టింది. ఎవరో ఎప్పుడో పచ్చ వైరును ఫేజుకి వాడి, బాడీకి అసలు ఎర్తే లేకుండా వదిలేశారు. ఆ కేబుల్ అప్పటికప్పుడు పీకించేశారు. కరెంటు లీకేజీ చూసే మెగ్గర్ పెడితే ప్రైమరీకీ (కరెంటు వచ్చే చుట్టు) సెకండరీకీ (రాడ్‌కి ఇచ్చే చుట్టు) మధ్య ఒక మెగోమ్ నిరోధం కూడా రాలేదు. చెమ్మ పట్టింది. హోల్డర్ చేత్తో పట్టుకునేది కాబట్టి ఇందులో రాజీ లేదన్నారు. లోపల ఫిలమెంట్ బల్బు వెలిగించి ఆరబెట్టించి, మెగ్గర్ ముల్లు 50 మెగోమ్‌లు దాటాకే ఒప్పుకున్నారు. 10 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, బాడీకి విడిగా ఎర్త్, రెండు ఫేజులూ ఒకేసారి తెగే డబుల్ పోల్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) పెట్టించారు. సింగిల్ పోల్ పెడితే ఒక ఫేజు తెగినా రెండోది లోపల అలాగే ఉంటుంది. మిషన్ ఆగిపోయిందనుకుని చెయ్యి పెడితే ప్రాణం పోతుంది.

నిన్న ఆన్ చేస్తే 78 వోల్టులు. 3.15 ఎంఎం రాడ్ గీయగానే ఆర్క్ అందుకుంది. వెళ్లేముందు ఆయన మూత లోపలి వైపు పెయింటుతో రాశారు: "రెండు ఫేజులు, 415. న్యూట్రల్ వద్దు. పచ్చ వైరు బాడీకే." నాకు చెప్పారు కదా, మళ్లీ ఎందుకండీ అంటే, "నీ తర్వాత మూత తీసేవాళ్ల కోసం" అన్నారు.

ఆఫీసు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఫారంలో లోడ్ కిలోవాట్లలో అడుగుతారు, మిషన్ ప్లేటు మీద ఉండేది కేవీఏ. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా కిలోవాట్లుగా వాడే వంతు) తక్కువగా ఉండే ఇలాంటి మిషన్‌కి ఏం రాయాలని అడిగితే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పంపారు, తప్పు రాశారని కాగితం వెనక్కి ఇచ్చారు. సరైనది ఏదో ఒక్కరూ చెప్పలేదు. లైన్లో నిలబడ్డ మనిషి చెప్పగలిగింది కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎందుకు చెప్పరు? చివరికి ఆ ఫారం నింపిపెట్టింది కూడా పెద్దాయనే.

అమ్మ, తమ్ముడు ఎలాగూ పక్కనే ఉన్నారు.

అయ్యో, మెగ్గర్ ఇచ్చిన పంపుసెట్ల మెకానిక్ అన్నకి థాంక్స్ చెప్పడం మరిచాను. మిషన్ జరపడానికి చెయ్యి వేసిన పక్క షెడ్డు కుర్రాళ్లకీ, ఎర్త్ గుంత తవ్వి పెట్టిన తాతకీ కూడా. తాతా, గునపం ఇక్కడే ఉండిపోయింది, రేపు తమ్ముడితో పంపిస్తాను.