ముందు ఆ నిమ్మచెక్క పక్కన పెట్టవే, మిగతావన్నీ చెప్తా

ఒసేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం చదివానే. మొటిమల మచ్చలు పోవాలని రోజూ పొద్దున్నే నిమ్మచెక్క పంచదారలో అద్ది మొహానికి రుద్దుకుని బయటికెళ్తున్నా అని రాశావు చూడు, ఇంక అక్కడ్నించి ముందుకి చదవలేకపోయా. దయచేసి అది ఇవాళే ఆపెయ్యి, మిగతా కబుర్లు తర్వాత.

ఎందుకంటే మన చర్మం పైపొరకి కాస్త పులుపు గుణం ఉంటుంది, ఆ పులుపుని కొలిచే లెక్క పీహెచ్ దాదాపు 5, అలా ఉంటేనే ఆ పొర గట్టిగా నిలబడుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. ఈ లెక్కలో ఒక్క అంకె తగ్గితే పులుపు పదిరెట్లు పెరిగినట్టు, అంటే ఈ రెండిటికీ మధ్య వెయ్యి రెట్ల తేడా. మొటిమ మానీ మానని చోట అది పెడితే మండకేం చేస్తుంది చెప్పు? మంట అంటే పనిచేస్తున్నట్టే అని రాశావు, కాదే, అది చర్మం వద్దు మొర్రో అనడం. దానికంటే భయం ఎండతో. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకూమరిన్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఒంటి మీద ఉండగా ఎండ తగిలిందంటే ఒకట్రెండు రోజుల్లో ఎర్రగా కందిపోతుంది, కొందరికి బొబ్బలు కూడా వస్తాయి, అవి మానాక ముదురు మచ్చలు పడి నెలల తరబడి పోవు. నువ్వేమో మచ్చలు పోవాలనే కదా మొదలుపెట్టావు! పంచదార పలుకులు కూడా మొహానికి మరీ గరుకు, మడమలకైతే హాయిగా వాడుకో. వంటసోడా ఊసెత్తావు కదా, అది దీనికి పూర్తిగా ఉల్టా, పీహెచ్ 8 దాటి ఉంటుంది, దానివల్ల చర్మం ఎండిపోతుంది. అదీ వద్దు.

నన్నడిగితే "ఏది రాస్తే మంచిది" అని కాదే చూసుకోవాల్సింది, ఇవాళ నా చర్మానికి ఏం తక్కువైంది అని చూసుకోవాలి. తేమ తక్కువైందా, దురదగా ఉందా, జిడ్డు పట్టిందా, పైన పొట్టు లేస్తోందా. వంటింట్లో ఉన్నవి చేసే పనులు ఈ నాలుగైదే, కానీ అవి మాత్రం బాగా చేస్తాయి.

నీకు ముక్కు పక్కన పొట్టు లేచి దురదగా ఉందన్నావు కదా, దానికి ఓట్సే. ఇది ఊరికే బామ్మ చిట్కా అనుకోకు, మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ని చర్మాన్ని కాపాడే పదార్థంగా అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2003లోనే ఒప్పుకుంది. అందులో దురదని తగ్గించే గుణం నిజంగా ఉంది. ఎలాగంటే, ఏ ఫ్లేవరూ కలపని మామూలు ఓట్స్ గుప్పెడు తీసుకుని మిక్సీలో మైదాలా అయ్యేదాకా తిప్పు. చెంచాడు పొడి గ్లాసు నీళ్లలో వేసి కలిపితే నీళ్లు తెల్లగా మారి పొడి అందులో తేలుతూ ఉండాలి, వెంటనే అడుగున కూర్చుంటే ఇంకా తిప్పాలన్నమాట. ఆ పొడి పల్చటి గుడ్డలో మూటకట్టి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి జారుడుగా, చిక్కగా ఒక ద్రవం వస్తుంది చూడు, అదే మనకి కావాల్సింది. మొహానికి అద్దుకుని పది నిమిషాలుంచి, రుద్దకుండా కడిగేసి, తడి ఆరకముందే నీ మామూలు క్రీమ్ రాసెయ్. ఈ చివరిది మాత్రం మర్చిపోకు, ఆ తడిని పట్టి ఉంచేది క్రీమే.

మొహం నిర్జీవంగా అనిపించిన రోజు పెరుగు. అందులో పైనున్న చచ్చిన పొరని వదులు చేసే లాక్టిక్ యాసిడ్ కొంచెమే ఉంటుంది, క్రీముల్లో ఉన్నంత ఉండదు, కాబట్టి అద్భుతాలు జరగవు కానీ మెత్తగా ఉంటుంది. తియ్యటిది, ఫ్లేవర్ ఉన్నది వద్దు. తేనె కూడా తేమని పట్టి ఉంచుతుంది, పల్చటి పొర చాలు. శనగపిండి జిడ్డు పీలుస్తుంది, నాకు చాలా ఇష్టం, కానీ పెటపెటలాడేదాకా ఎండనివ్వకే, ఇంకా చెమ్మగా ఉండగానే నీళ్లు చల్లి కడిగెయ్. పసుపు చిటికెడు మించితే మొహంతో పాటు తువ్వాలు, దిండు గలీబు అన్నీ పచ్చబడతాయి. కళ్ల కింద ఉబ్బుకి ఫ్రిజ్‌లో పెట్టిన కీరా ముక్కలు పెట్టుకో, అక్కడ పనిచేసేది ఎక్కువగా ఆ చల్లదనమే, చల్లటి చెంచా పెట్టినా సరే.

కొబ్బరినూనె మొహానికి మాత్రం వద్దు, మొటిమలొచ్చే చర్మంలో రంధ్రాలు మూసుకుపోతాయి. అది జుట్టుకి బంగారం. 2003లోనే వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, సన్‌ఫ్లవర్ ఆయిల్, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే జుట్టులోంచి ప్రొటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే, ఎందుకంటే అందులో ఉండే లారిక్ యాసిడ్ అనే కొవ్వు వెంట్రుక లోపలికి వెళ్లగలదు. అందుకే తలస్నానం చేశాక కాదు, ముందే పట్టించాలి. చిక్కులు పడుతుంటే మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున మెత్తగా రుబ్బి, ఆ జిగురు ముద్ద జుట్టు కొసలకి పట్టించు, దువ్వెన ఎంత తేలిగ్గా జారుతుందో చూడు. కడిగేటప్పుడు ఓపిగ్గా కడగాలి, పలుకులు మిగిలిపోతాయి. పచ్చి గుడ్డు మాత్రం నాకు నచ్చదు, ఆ ప్రొటీన్ వెంట్రుకలోకి వెళ్లేంత చిన్నది కాదు, పైగా వేడినీళ్లు పోశావంటే తలలోనే ఉడికిపోతుంది!

ఇంకోటి, ఏది కలిపినా అప్పటికప్పుడే వాడెయ్, మిగిలితే పారెయ్. తేనె సీసాలో ఏళ్ల తరబడి పాడవదంటే అందులో నీళ్లు చాలా తక్కువ కాబట్టి, నువ్వు పెరుగో నీళ్లో కలిపాక ఇంక ఆ రక్షణ ఉండదు. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి కడిగేసి ఒకట్రెండు రోజులు ఆగి చూడు, పాలు, గోధుమ, తేనె లాంటివి పడనివాళ్లు ఉంటారు.

ఇక మచ్చల సంగతి, నీకు అబద్ధం చెప్పలేనే, వాటిని తీసేసేది వంటింట్లో ఏదీ లేదు. అవి ముదరకుండా ఆపేది సన్‌స్క్రీన్, ఎండలోకెళ్లే ప్రతిసారీ రాసుకో, అది ఇంట్లో తయారుచేసుకునేది కాదు, కొనాల్సిందే. మొటిమలు లోపల గడ్డల్లా ఉండి నొప్పెడుతుంటే చర్మం డాక్టర్‌కి చూపించెయ్, ఆలస్యం చెయ్యకు, అలాంటివే గుంటలు పడతాయి.

ఓ వారం మొహానికి ఓట్సూ క్రీమూ తప్ప ఇంకేం పెట్టకుండా ఉండి, ముక్కు పక్కన పొట్టు తగ్గిందో లేదో రాయి. తగ్గకపోతే నువ్వు వాడే ఫేస్‌వాష్ పేరు కూడా రాసి పంపు, నాకు దాని మీద కూడా కొంచెం అనుమానంగానే ఉంది.

ఉంటానే,
నీ పద్దు